అతిథి వంతు నెత్తురు

“ఎలుకలు బతికాయి” అన్నాడు ఛీఫ్.

కూర్చోబోతున్న రామచంద్రం ఆగాడు. “అన్నీనా సార్?”

“అన్నీ. కూర్చో.”

పోలీసు చర్య తరువాత వచ్చిన తొలి ఎండాకాలం అది. హైదరాబాదులో ఒక పాత మేడ. కింద బోర్డు మీద విత్తనాల కంపెనీ అని ఉంటుంది. విత్తనాల కోసం ఎవరైనా పొరపాటున వస్తే స్టాకు లేదని చెప్పి పంపేస్తారు. కొత్త మిలిటరీ ప్రభుత్వపు గూఢచారి విభాగం ఆ మేడ మీదనే ఉంది.

ఛీఫ్ టెలిగ్రామును బల్ల మీద బోర్లా పెట్టాడు.

“మొదటి నుంచి చెబుతాను. ఏదైనా తప్పితే ఇక్కడే ఆపు. గద్ద. అది మనం పెట్టుకున్న కోడ్ పేరు. అసలు పేరు తెలియదు, ఫొటో లేదు, ఏ దేశంవాడో తెలియదు. విమానాల్లో తుపాకులు తెచ్చి అమ్మే విదేశీ ముఠాకు ఇక్కడి ఏజెంట్. నిరుడు రజాకార్లకు అమ్మాడు. ఈసారి ఎవరు కొంటే వాళ్ళకే. మహబూబ్‌నగర్ జిల్లాలో మారువేషంలో ఉన్నాడు. మనకున్న ఆధారం ఒకటే. ఏళ్ళ తరబడి ఆఫ్రికా పడమటి తీరంలో విమానం నడిపాడు. అక్కడ ఎల్లో ఫీవర్ వచ్చి చావు తప్పించుకున్నాడు.”

రామచంద్రం తల ఊపాడు. ఆ ఒక్క ఆధారం పట్టుకుని చలికాలమంతా కంపౌండర్ వేషంలో నెత్తురు తీస్తూ పల్లెలు తిరిగింది అతనే.

ఎల్లో ఫీవర్ సోకి బతికినవాడి నెత్తురు ఆ జ్వరాన్ని జీవితాంతం గుర్తుంచుకుంటుంది. వాడి సీరంలో వైరస్ కలిపి ఎక్కిస్తే ఎలుకలు బతుకుతాయి. మరొకరి సీరమైతే చస్తాయి. ఈ పరీక్షతో దేశదేశాల నెత్తురు చూసి, ఆ జ్వరం ఏ కాలంలో ఎంత దూరం నడిచిందో ప్రపంచ పటం మీద గీస్తున్నారు. ఒక ఊళ్ళో ముసలివాళ్ళ నెత్తురు ఎలుకలను కాపాడి, పిల్లల నెత్తురు కాపాడలేదంటే, జ్వరం వచ్చి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయిందని అర్థం. మన దేశంలో ముసలివాళ్ళదీ కాపాడలేదు, పిల్లలదీ కాపాడలేదు. ఇక్కడ ఆ దోమ ఉంది, జ్వరం లేదు. అందుకే వైరస్‌ను రేవు దాటి లోపలికి రానివ్వరు. నెత్తురే ఐసులో సముద్రం దాటి పరాయి దేశపు ల్యాబుకు పోవాలి.

మహబూబ్‌నగర్ జిల్లాలో ఎవరి నెత్తురైనా ఎలుకను బతికించిందంటే, అతను ఈ నేల మీద ఆ గుర్తు సంపాదించినవాడు కాదు.

“శాంపిల్ ఎవరిది సార్?”

“డయాస్. గోవా నుంచి వచ్చిన నీటిపారుదల ఇంజనీరునని చెప్పుకుంటున్నాడు. కొల్లాపూర్ అవతల నల్లగుట్టపల్లి దొర గడిలో అతిథి.”

“యుద్ధంలో ఆఫ్రికా వెళ్ళిన మన సిపాయిలకు ఈ జ్వరం రాకుండా సూది వేశారు. ఆ సూది కూడా ఎలుకలను బతికిస్తుంది.”

“ఈ జిల్లా నుంచి పల్టన్‌లో చేరిన ప్రతివాడి పేరూ తెప్పించాను. వాళ్ళెవరి నెత్తురూ మనం తీసుకోలేదు.” ఛీఫ్ గొంతు తగ్గించాడు. “నిన్న వైర్‌లెస్‌లో ఒక ముక్క దొరికింది. ‘గద్దకు దాహంగా ఉంది.’ సరుకు రాబోతోంది. ఆ తుపాకులు ఎవరి చేతికి వెళ్ళినా చచ్చేది నల్లగొండ, పాలమూరు పల్లెల వాళ్ళే. మేజర్ బలగంతో వస్తాడు. మన మనిషి జులేఖా నర్సు వేషంలో గడిలోనే ఉంది. దొరసాని మోకాళ్ళకు వైద్యం చేస్తోంది.”

లేస్తూ ఒక ఐసు ఫ్లాస్కు చేతికిచ్చాడు. దాని అడుగు భాగం తిప్పితే ఊడివస్తుంది. లోపల చిన్న పిస్తోలు.

*

నల్లగుట్టపల్లి చెరువు అప్పటికే ఎండిపోయింది. చెరువు శిఖంలో, ఆ ఎండిన అడుగు నేల మీద, బారుగా ఎర్రజెండాలు పాతి ఉన్నాయి. ఇంజనీరు సారు ఆనకట్టకు కొలతలు తీస్తున్నాడని ఊరందరికీ తెలుసు.

మేజర్ మనుషులు గడిని చుట్టుముట్టేసరికి డయాస్ వరండాలో టీ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టి, చేతులు పైకెత్తాడు. పక్కన జులేఖా నిలబడి ఉంది. ఒకప్పుడు నవాబుల విందుల్లో పాడిన మనిషి. నర్సు తెల్లచీర కూడా ఆమె మీద పట్టుచీరలా ఉంటుంది. నల్ల కళ్ళద్దాలు తీయలేదు.

“నీ నెత్తురే నిన్ను పట్టించింది” అన్నాడు మేజర్.

“నా నెత్తురా?” డయాస్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నాకెవరూ సూది గుచ్చలేదే. నాకు భయం. దొరగారు వేరే ఏర్పాటు చేశారు.”

దొర పడక కుర్చీలో నుంచి లేవకుండానే నవ్వాడు. “గడికొచ్చిన సుట్టానికి సూదులు గుచ్చితే సూసుకుంట ఊకుంటనా? గడి మీద ఏ పని వడ్డా వెట్టోడే జెయ్యాలె. నీళ్ళు మోసుడైనా, కట్టెలు గొట్టుడైనా, నెత్తురిచ్చుడైనా. ఒరేయ్ బీరిగా!”

రామచంద్రం జులేఖా వైపు చూశాడు. చలికాలంలో అతను చావడి దగ్గర కూర్చుని ఊరి నెత్తురు తీశాడు. గడి వాళ్ళు ఊరి జనంతో పాటు చెయ్యి చాపరని లోపలికి జులేఖాను పంపారు. గడి సీసాల మీద పేర్లు రాసింది ఆమె.

ఆమె వేరే దిక్కు చూస్తోంది.

గొంగడి చంకన పెట్టుకుని ఒక మనిషి వచ్చాడు. కురుమాయన. నలభై ఏళ్ళుంటాయి.

“నీ బాంచెన్ దొరా.”

“గీ సారు వంతు నెత్తురు ఎవడిచ్చిండ్రా?”

“నేనే దొరా. తమరి వంతు కావలి జంగయ్య ఇచ్చిండు. మున్షీ వంతు అంజయ్య ఇచ్చిండు. సుట్టం వంతు నా మీద వడ్డది.” బీరన్న రామచంద్రాన్ని గుర్తుపట్టి నవ్వాడు. “మల్ల చావడికాడికి నా వంతు ఇద్దామని వస్తే, ఒక్కపాలి తీసినోనికి మల్ల తియ్యం అన్నరు గద సారూ. గందుకే నా పేరు మీద నా నెత్తురు లేదు.”

వరండాలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. రామచంద్రం నవ్వలేదు. ఎలుకలను బతికించింది ఈ మనిషి నెత్తురే. తరువాత ఏం జరగబోతుందో అతనికి కనబడుతోంది, మేజర్‌కు కూడా కనబడుతోందని తెలిసింది.

మేజర్ డయాస్‌ను వదిలి బీరన్న వైపు తిరిగాడు. “నీకు ఆ జ్వరం ఎక్కడ వచ్చింది?”

“ఏ జొరం దొరా?”

“ఈ దేశంలో లేని జ్వరం. ఎక్కడికి వెళ్ళావు?”

బీరన్న ముఖంలో నవ్వు పోయింది. నోరు తెరవలేదు. ఆ మౌనం మేజర్‌కు చాలింది.

*

బీరన్నను గడి వెనుక కొట్టంలో కట్టేశారు. రామచంద్రం లోపలికి వెళ్ళేసరికి భార్య సాలమ్మ అతనికి జొన్నరొట్టె తుంచి నోట్లో పెడుతోంది. చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి మరి.

“బీరన్నా, నాకు చెప్పు. ఎక్కడ వేసిండ్రు నీకు సూది?”

బీరన్న నమిలి మింగేదాకా ఆగాడు. “లడాయి దినాలల్ల వెట్టి ఇడిసి ఉరికిన సారూ. బొంబాయికి. గాడ పల్టన్ల చేర్చుకుంటున్నరు. దొర మనుషులు ఎతుక్కుంట వస్తరని కిష్టయ్య అని పేరు చెప్పిన. ఊరు గూడ వేరే చెప్పిన. జహాజు ఎక్కెతందుకు ముందు సూది వేసిండ్రు. ఆఫ్రికాల రోడ్లేసినం. లడాయి అయినంక మల్ల గీ ఊరికే వచ్చిన.”

“అదే చెప్పలేకపోయినవా మేజర్‌కు?”

“ఏం జెప్పాలె?” అంది సాలమ్మ. “పల్టన్ల ఉన్నోడు అంటె కమ్యూనిస్టు సంగపోళ్ళకు తుపాకి నేర్పినవని కాలుస్తరు. అమ్రాబాద్ దిక్కు ఒగన్ని గట్లనే జేసిండ్రు. చెప్పకుంటె గీ పరాయి దేశపోడు నువ్వే అంటున్నరు. జర నువ్వే చెప్పు సారూ, ఏ దిక్కు చెప్తే బతుకుతడు?”

రామచంద్రం వాళ్ళ ముందు నేల మీద కూర్చున్నాడు.

“నిజమే చెప్తా” అన్నాడు చివరికి. “నువ్వు ఒప్పుకుంటేనే.”

“నువు సదువుకున్నోనివి సారూ” అన్నాడు బీరన్న. “నీకు మంచిగనిపిచ్చింది జెయ్యి.”

రామచంద్రం మేజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. తాను సూది తప్పించుకుని మరొకరి చేయి చాపించినవాడే గద్ద అని కూడా చెప్పాడు. ఆ మరొకడు కూడా ఆఫ్రికా చూసినవాడు కావడం వాడి దురదృష్టం, మన దురదృష్టం అన్నాడు.

“సూదికి నేనూ భయపడతాను. నన్నూ పట్టుకుంటావా?”

“డయాస్ పెట్టెలు సోదా చేయండి.”

“చేశాం. కొలతల సామాను, బట్టలు.” మేజర్ ముందుకు వంగాడు. “నీ వాడు పల్టన్‌లో చేరాడన్నావు. ఏ పేరుతో?”

“కిష్టయ్య.”

“ఏ ఊరని చెప్పాడు?”

“వేరే ఊరు.”

“అంటే పేరూ ఊరూ మార్చుకోవడం అలవాటున్నవాడు. తుపాకీ పట్టడం తెలిసినవాడు. ఇంత మంచి సాక్ష్యం నాకు వాడు కూడా ఇవ్వలేదు, రామచంద్రం.”

హైదరాబాదుకు వైర్‌లెస్ పంపితే గంటలో జవాబు వచ్చింది. ఎలుకలు అబద్ధమాడవు. మేజర్‌కు సహకరించు.

పొద్దు వాలుతుండగా బీరన్నను లారీ ఎక్కించారు. డయాస్‌ను గడిలోనే వదిలి బలగమంతా దానితో క్యాంపుకు వెళ్ళిపోయింది. సాలమ్మ మిగిలిన రొట్టెలు కొంగున కట్టుకుని లారీ పోయిన దుమ్ములో నడక మొదలుపెట్టింది.

*

“బీరన్న చెయ్యి పట్టుకున్నది నేనే, రామచంద్రం సాబ్.”

జులేఖా జీపుకు ఆనుకుని నిలబడింది. అద్దాలు తీసేసింది. ఆ కళ్ళు చాలాకాలంగా నిద్ర లేనివి.

“డయాస్‌కు ఎలుకల సంగతి చెప్పింది కూడా నువ్వే.”

“నేనే. నా తమ్ముడు తాజుద్దీన్ నిరుటి సెప్టెంబర్ నుంచి జైల్ల ఉన్నడు. ఏం జెయ్యలే వాడు, పోస్టాఫీసుల నౌకరి. ఇడిపిస్త అని మీ ఛీఫ్ అన్నడు. ఇడిపిస్త అని డయాస్ అన్నడు. ఇద్దరికీ పనిచేసిన. ఇద్దరూ ఇడిపియ్యలే.” ఆమె కొద్దిగా నవ్వింది. “డబుల్ ఏజెంట్ అంటరు కద మీ బోలీల. డబుల్ ఏం లేదు. అంతా సున్న.”

“ఇప్పుడెందుకు చెబుతున్నావు?”

“సూది గుచ్చెతందుకు నేను ఎనకముందాడిన. గా బీరన్న నన్ను సూసి, ‘బుగులువడకు బిడ్డా, మా తోలు బర్రె తోలంత మందం’ అన్నడు.” చెరువు వైపు చెయ్యి చూపింది. “రేపు పొద్దు పొడవంగనే విమానం. చెరువు శిఖంల. జెండాల నడుమ నాలుగు తెల్ల దుప్పట్లు పరుస్తడు. నాలుగు కనవడితేనే దిగుతది. వైర్‌లెస్ కొలతల దుర్బీను పెట్టెల ఉన్నది, అడుగు పలక కింద.”

రామచంద్రం మేజర్‌కు ఆ మాట చేరవేయాలని చూశాడు. జీపులోని సెట్టుతో ఎంత పిలిచినా క్యాంపు వైర్‌లెస్ పలకలేదు. అడిగినా ఏం జవాబు వస్తుందో అతనికి తెలుసు: గద్ద మా దగ్గరే ఉంది.

*

తెల్లవారుతున్నది. కృష్ణ అవతల నల్లమల మీద మొదట చప్పుడు వినబడింది. తరువాత విమానం కనబడింది, ముక్కు కిందికి వంచి.

చెరువు శిఖం నడుమ డయాస్ నిలబడి ఉన్నాడు. నాలుగు దుప్పట్లు పరిచి ఉన్నాయి. అవతలి గట్టు కింద రెండు లారీలు, కొనుగోలుదారులవి. వాళ్ళు ఎవరన్నది రామచంద్రం చూడదలచుకోలేదు. బండల చాటున పడుకుని పిస్తోలు గురిపెట్టాడు.

మీట నొక్కితే టక్‌మంది. అంతే. ఐసు కరిగి ఫ్లాస్కు అడుగుకు చెమ్మ పాకింది. తూటాలన్నీ నానిపోయి ఉన్నాయి.

విమానం గట్టు దాటింది. చక్రాలు కిందికి దిగాయి.

రామచంద్రం పిస్తోలు పారేసి పరుగెత్తాడు. పగుళ్ళ ఒండ్రులో కాలు దిగబడింది, లాక్కున్నాడు. డయాస్ అరిచాడు. రామచంద్రం చివరి దుప్పటి మీద పడి, దాన్ని రెండు చేతులా గుండెలకు లాక్కుని దొర్లాడు. తుపాకీ పేలింది. కుడి భుజంలో నిప్పు దిగినట్టయింది. దొర్లడం ఆపలేదు.

చక్రాలు నేలను తాకాయి. దుమ్ము లేచింది. పైలట్‌కు మూడు తెల్ల మచ్చలే కనబడి ఉండాలి, ఇంజన్ ఒక్కసారి గర్జించింది. విమానం రామచంద్రం తల మీదుగా లేచి, తాటిచెట్టు కొసను గీరి, వచ్చిన దారినే తిరిగింది. గట్టు కింద లారీలు హడావిడిగా వెనుదిరిగాయి.

డయాస్ రెండోసారి గురి చూశాడు. కాల్పు వినబడింది. కూలబడింది డయాసే, మోకాలు పట్టుకుని. వెనుక జులేఖా ఉంది, దొర వేట తుపాకీతో.

“ఈ దెబ్బ ఎవరి పక్షాన?” అడిగాడు రామచంద్రం.

“నా పక్షాన” అంది ఆమె. “లెవ్వండి. గా బీరన్న ఇంక క్యాంపుల ఉన్నడు.”

దుర్బీను పెట్టె అడుగు పలక ఊడదీస్తే వైర్‌లెస్ సెట్ దొరికింది. డయాస్‌ను కట్టి జీపు వెనుక పడేశారు. జులేఖా నడిపింది. రామచంద్రం ఎడమ చేత్తో సెట్టును ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు సాక్ష్యం ఉంది. మనిషి ఉన్నాడు, యంత్రం ఉంది, భుజంలో తూటా ఉంది. ఏ మేజరైనా కాదనలేడు. దారి పొడుగునా అతను ఒకే వాక్యాన్ని మనసులో సరిచేసుకుంటూ వచ్చాడు: బీరన్నను వెంటనే విడిచిపెట్టండి.

క్యాంపు గేటు బయట సాలమ్మ కూర్చుని ఉంది. కొంగులో రొట్టెల మూట అలాగే ఉంది. “లోపటికి పోనియ్యలే సారూ. జర నువ్వన్న ఇయ్యి” అని మూట విప్పబోయింది.

“వస్తాడమ్మా. నేను తీసుకొస్తా” అన్నాడు రామచంద్రం.

మేజర్ సెట్టును చూశాడు. డయాస్‌ను చూశాడు. సెట్టు మీట ఒకటి తిప్పి చూశాడు. తరువాత లేచి నిలబడి, “నువ్వన్నదే నిజం. రిపోర్టులో రాస్తాను” అన్నాడు.

“బీరన్న?”

మేజర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “పొద్దున పారిపోబోయాడు.”

“చేతులు కట్టి ఉన్నాయి.”

“పారిపోబోయాడు అని రాశారు.”

“ఎక్కడికి?” అని అడిగాడు రామచంద్రం. మేజర్ టోపీ మళ్ళీ తలకు పెట్టుకున్నాడు. రామచంద్రం మళ్ళీ అడగలేదు. గేటు దాకా నడిచి వెళ్ళి సాలమ్మకు చెప్పాలి. ఆ దూరం అతను నడిచాడు. ఏం మాటలతో చెప్పాడో తరువాత ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. ఆమె ఏడవలేదన్నది మాత్రం గుర్తుంది. లోపలికి చూసి, “ఇప్పుడన్న పోనిస్తరా?” అని అడిగింది.

*

వానలు పడ్డాయి. ముఠా చెదిరిపోయింది. రామచంద్రానికి ఒక పతకం ఇచ్చారు, బయట పెట్టుకోకూడని రకం. తాజుద్దీన్ విడుదల కాగితం మీద ఒక్క సంతకం కావాలని ఛీఫ్ జులేఖాతో అన్నాడు. ఇప్పటికీ అలాగే అంటున్నాడు.

అప్పుడు ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. మహబూబ్‌నగర్ శాంపిల్ తమను చాలా ఆలోచింపజేసిందనీ, భారతదేశంలో ఇటువంటిది మరొకటి లేదనీ, పటంలో ఆ చోట రంగు వేయాలో వద్దో తేల్చుకోవడానికి అదే మనిషి నుంచి మరొకసారి నెత్తురు పంపవలసిందనీ కోరారు.

రామచంద్రం నల్లగుట్టపల్లికి వెళ్ళాడు. వెళ్ళవలసిన పని లేదు. జవాబు హైదరాబాదులో కూర్చునే రాయవచ్చు. అయినా బీరన్న ఇంటి ముందుకు వెళ్ళకుండా ఆ జవాబు రాయడం అతనికి చేతకాలేదు.

సాలమ్మ గొర్రెలకు కొమ్మలు నరుకుతోంది. అతను ల్యాబు ఉత్తరం సంగతి చెప్పాడు.

ఆమె కత్తి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. గుమ్మంలో కూర్చుని, రవిక చెయ్యి పైకి మడిచి, చెయ్యి చాపింది.

“తీస్కో సారూ.”

“ఇదేందమ్మా?”

“మొగోడు లేకుంటె వంతు పెండ్లాం మీద వడ్తది. ఆయన జహాజు ఎక్కిపోయిన దినాలల్ల గూడ గడి పని నేనే జేసిన. ఇది గూడ నాదే.”

“వద్దు. నీది పనికిరాదమ్మా.”

“ఎందుకు వనికిరాదు?” సాలమ్మ అతని ముఖంలోకి చూసింది. “గడిల వనికొచ్చింది గద, ఒగరిది ఒగరికి.”

ఆ చెయ్యి అలాగే చాచి ఉంది. రామచంద్రం దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మడిచిన రవికను కిందికి దించాడు. అంతకన్న అతను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆ మనిషి ఇక దొరకడని ల్యాబుకు రాశాడు. అవతలి నుంచి వెంటనే మర్యాదగా జవాబు వచ్చింది: ఆ శాంపిల్‌ను పొరపాటుగా భావించి కొట్టివేశామనీ, పటంలో ఆ చోటును తెల్లగానే వదిలామనీ, మహబూబ్‌నగర్ జిల్లాలో మనుషుల ప్రాణాలకు ఏ ముప్పూ లేదని తేలినందుకు తమకు చాలా సంతోషంగా ఉందనీ.